మా ఊళ్ళో పనిలేని బళ్ళు

రోడ్డుకి అడ్డంగా దుంగలు పడేసిన వాళ్ళలో నేనూ ఉన్నాను. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే కింద రాసిందంతా చదివి నేనేదో చట్టప్రకారం నడుచుకునే పెద్దమనిషిని అనుకునే ప్రమాదం ఉంది. అక్టోబరు చివర్లో, వాన కాస్త తెరిపిచ్చిన ఒక రాత్రి, మా ఊరి కుర్రాళ్ళు ఎనిమిది మంది, వాళ్ళతోపాటు నేను (నలభై రెండేళ్ళు, కుర్రాణ్ణేం కాదు), గాలికి పడిపోయిన తాటిచెట్టుని మూడు ముక్కలు చేసి ట్రాక్టరు మీద వేసుకెళ్ళి గట్టు రోడ్డు మొదట్లో దింపేశాం. ఎవరో వాటికి ఎర్ర తువ్వాలు కూడా కట్టారు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని పడుకుంటే చాలా రోజుల తర్వాత లారీ చప్పుడు లేకుండా నిద్రపట్టింది. అది ఎంత తెలివితక్కువ పనో తెల్లారి ఆరింటికల్లా తెలిసింది, దాని సంగతి కిందకి వస్తుంది.

మాది పశ్చిమ గోదావరి. భీమవరం నుంచి ఉండి మీదుగా ఆకివీడు వెళ్ళే హైవే మీంచి లోపలికి తిరిగితే వచ్చే ఊళ్ళలో ఒకటి. పేరు రాయను, రాస్తే మా బాబాయి నన్ను గుమ్మం తొక్కనివ్వడు. హైవే దగ్గర మొదలై కాలవ గట్టు మీదుగా మా ఊరు దాటి అవతల ఇంకో పెద్ద రోడ్డులో కలిసే దారి ఇది. నాలుగు కిలోమీటర్లు ఉంటుంది. ఒక పక్క కాలవ. రెండో పక్క నా చిన్నప్పుడు వరిచేలు, ఇప్పుడు రొయ్యల చెరువులు, చేపల చెరువులు, మధ్యమధ్యలో ఎవరో మొండి రైతు వదలకుండా వేస్తున్న వరి. ఆ మొండి రైతుల్లో మా బాబాయి ఒకడు.

అసలు ఈ గట్టు బళ్ళ కోసం వేసింది కాదండి. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తిచేశాడు, ఆ తర్వాత డెల్టా అంతా కాలవలు పాకాయి. ఆ కాలవల్లో నీళ్ళే కాదు, పడవలు కూడా నడిచేవి. గాలి సరిగ్గా లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవని లాక్కుంటూ పోయేవాళ్ళు. అంటే ఈ దారి మీద పడాల్సిన బరువు మనిషి పాదం. తర్వాత ఎడ్లబళ్ళు వచ్చాయి, తర్వాత ట్రాక్టర్లు, ఎప్పుడో ఒకప్పుడు కంకర పరిచారు, ఇంకెప్పుడో తారు పోశారు. పైన తారు నల్లగా మెరిసేసరికి అది కూడా రోడ్డే అనుకున్నాం. కింద ఉన్నది మాత్రం అదే పడవల గట్టు.

లారీలు ఎందుకు వస్తాయంటే కారణం చిన్నదే. హైవే మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళేదానికన్నా గట్టు మీదుగా పోతే ఏడు కిలోమీటర్లు కలిసొస్తుంది, ఊళ్ళల్లో రద్దీ తప్పుతుంది, చెకింగ్ ఉంటే అదీ తప్పుతుంది. ఇదివరకు ఈ దారి తెలిసిన డ్రైవర్లే వచ్చేవాళ్ళు. ఇప్పుడు ఫోన్లో మ్యాప్ అందరికీ తెలిసేలా చేసేసింది. సెప్టెంబర్లో ఒకరోజు రాత్రి మా ఇంటి ముందే మేత లారీ ఒకటి మార్జిన్లోకి జారి వాలిపోయింది. డ్రైవరు ఎక్కడో కర్ణాటక వైపు మనిషి, వచ్చీరాని తెలుగు. "నాకేం తెలుసు సార్, ఇటే చూపించింది" అని ఫోను తీసి చూపించాడు. చూపించింది నిజమే. నీలం గీత మా అమ్మ మల్లెపందిరి పక్క నుంచే పోతోంది. తెల్లారేదాకా క్రేను రాలేదు, అమ్మ అతనికి అన్నం పెట్టింది, అతను మా అరుగు మీదే పడుకున్నాడు. పాపం వాణ్ణి తిట్టడానికి కూడా మనసు రాలేదు.

"ఊళ్ళో పనున్న బండి వేరురా, పనిలేని బండి వేరు. పనున్నోడు రోడ్డు పాడైతే మనతోపాటు ఏడుస్తాడు. పనిలేనోడు ఇంకో రోడ్డు చూసుకుంటాడు" అన్నాడు బాబాయి ఆ మర్నాడు. ఈ గొడవ మొత్తానికి నాకు పనికొచ్చిన మాట అదొక్కటే.

రోడ్డు ఎందుకు పోతోందో నాకు చాలాకాలం సరిగ్గా అర్థం కాలేదు. అందరిలాగే నేనూ కాంట్రాక్టరు తినేశాడు అనుకునేవాణ్ణి. తినే ఉంటాడు, అది వేరే లెక్క. కానీ ఆ రోడ్డు ఉన్న తీరు చూస్తే, పైసా తినకుండా వేసినా మిగిలేది కాదని ఇప్పుడు అనిపిస్తోంది. తారు వెడల్పు 3.75 మీటర్లు. ఊరి రోడ్లకి మామూలుగా ఇచ్చే వెడల్పు అదే. లారీ వెడల్పు రెండున్నర మీటర్లు. రెండు లారీలు ఎదురైతే ఏం జరుగుతుందో లెక్క వేసుకోండి: ఇద్దరూ చెరో చక్రం మట్టిలోకి దింపాలి. దింపినప్పుడల్లా తారు అంచు బిస్కెట్ ముక్కలాగా విరుగుతుంది. అలా అంచులు తినుకుంటూ వచ్చి ఇప్పుడు కొన్నిచోట్ల తారు ఎనిమిది అడుగులు కూడా లేదు. రెండు పక్కలా నీళ్ళు. మాది నల్లమట్టి, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చుతుంది. ఒకప్పుడు గట్టు ఒక పక్కే తడిచేది, అదీ కాలవ వదిలినన్నాళ్ళే. చెరువులు వచ్చాక రెండో పక్క కూడా ఏడాది పొడుగునా నీళ్ళే. చెరువు గట్టు వేసేటప్పుడు రోడ్డు మార్జిన్లో మట్టి కూడా కొంత గీకేశారు, గీకింది ఎవరో ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు.

పైన తారు ఎంత మందం అనుకుంటున్నారు? ఇరవై మిల్లీమీటర్లు. వేలి మందం. దాని కింద రెండు పొరల కంకర, కింద గ్రావెల్, ఆ కింద మన నల్లమట్టి. తారు బరువు మొయ్యదు, అది గొడుగు లాంటిది, నీళ్ళు లోపలికి దిగకుండా చూడటమే దాని పని. ఒక్కచోట పగిలితే చాలు. గోతిలో నీళ్ళు నిలబడతాయి, లారీ చక్రం దాని మీదకి ఎక్కినప్పుడు ఆ నీళ్ళకి పోడానికి చోటుండదు, పిచికారీలాగా కంకర సందుల్లోకి దూరి లోపల మన్నుని కలుపుకుని బయటికి చిమ్ముతాయి. వాన తగ్గాక గోతి చుట్టూ బూడిదరంగు బురద కనిపిస్తుంది చూడండి, అది రోడ్డు లోపలి సరుకు. చేపల లారీలు మంచు కరిగి కారుకుంటూ పోతాయి కాబట్టి మాకు వాన లేని రోజు కూడా వాన కురిసినట్టే.

బరువు సంగతి చదివినప్పుడు మాత్రం నిజంగా కళ్ళు తిరిగాయి. 1958 నుంచి 1960 దాకా అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒటావా అనే ఊరి దగ్గర, పరీక్ష కోసమే రోడ్లు వేసి, సైనికుల చేత రకరకాల బరువుల లారీల్ని వాటి మీద రెండేళ్ళు తిప్పి చూశారు. అందులో తేలింది ఏమిటంటే రోడ్డుకి తగిలే దెబ్బ ఇరుసు మీద బరువుకి సుమారుగా నాలుగో ఘాతంలో పెరుగుతుంది. ఇరుసు బరువు రెట్టింపైతే దెబ్బ రెట్టింపు కాదు, పదహారు రెట్లు. కారు ఇరుసు మీద అర టన్ను, లారీ ఇరుసు మీద పది టన్నులు వేసుకుంటే లక్షా అరవై వేల రెట్లు. పక్కా లెక్క కాదు, రోడ్డుని బట్టి మారుతుంది, ఇంజినీర్లు దీన్ని ఒక అంచనాగానే వాడతారు. అయినా సరే, మా ఊళ్ళో స్కూటర్లు, ఆటోలు, కార్లు అన్నీ కలిసి ఏడాదంతా తిరిగినా ఒక రాత్రి లారీల వరస చేసేంత నష్టం చెయ్యలేవన్నమాట. దీనికి తోడు 2018 జూలైలో కేంద్రం లారీల బరువు పరిమితి పెంచింది. నాలుగు టైర్ల ఇరుసుకి అంతకుముందు 10.2 టన్నులు, తర్వాత 11.5. రెండు ఇరుసుల లారీ మొత్తం 16.2 నుంచి 18.5కి వెళ్ళింది. చూడటానికి చిన్న తేడా, నాలుగో ఘాతం వేస్తే ఒక్కో ఇరుసు దెబ్బ ఒకటిన్నర రెట్ల పైనే. ఇది చట్టప్రకారం మోసే బరువు. ఆ పైన వేసుకుంటే 20,000 జరిమానా, ఎక్కువైన ప్రతి టన్నుకీ ఇంకో 2,000. గట్టు మీద తూకం వేసేదెవరు?

సరే, దుంగల దగ్గరికి వస్తాను.

తెల్లవారి ఆరింటికి పాల వ్యాను ఆగిపోయింది. ఆరున్నరకి మా ఊరి అమ్మాయిల్ని భీమవరం కాలేజీకి తీసుకెళ్ళే బస్సు హైవే మీదే నిలబడి హారన్ కొడుతోంది, పిల్లలు బురదలో కిలోమీటరున్నర నడుచుకుంటూ వెళ్ళారు. ఎనిమిదింటికి వరికోత మిషన్ వచ్చింది. సార్వా (వానాకాలం వరి) కోతల ముందు మిషన్ దొరకడం అంటే పెళ్ళి ముహూర్తం దొరికినట్టే, అది మా బాబాయి చేనుకే వస్తోంది, దుంగలు చూసి డ్రైవరు వెనక్కి తిప్పుకుని వేరే ఊరు పోయాడు. బాబాయి నా దగ్గరికొచ్చి ఏమీ అనలేదు. అరుగు మీద కూచుని చుట్ట ముట్టించాడు. దానికన్నా తిట్టినా బాగుండేది. మధ్యాహ్నం మూడింటికి 108 వచ్చింది. మా వీధి చివర ఒక పెద్దావిడకి ఆయాసం. అంబులెన్సు దుంగల అవతల, ఆవిడ ఇవతల, మంచం మీద మోసుకెళ్ళాం. ఆవిడకి తగ్గింది, రెండ్రోజుల్లో ఇంటికొచ్చేసింది. మోసిన నలుగుర్లో ఇద్దరం దుంగలు మోసిన వాళ్ళమే. సాయంత్రం మేమే ట్రాక్టరు తెచ్చి తీసేశాం. రాత్రి పదిన్నరకి మొదటి లారీ వచ్చింది.

ఆ వారం ఊళ్ళో ఇంకో ఆలోచన కూడా నడిచింది. దుంగలు తీసేస్తే పోతాయి, రోడ్డుకి అడ్డంగా గండి కొట్టేద్దాం అని. మా ఊరి కుర్రాడు ఒకతను వకీలు దగ్గర జూనియరుగా చేస్తున్నాడు, అతనే ఆపాడు. దారికి అడ్డం పెడితే భారతీయ న్యాయ సంహిత 285, జరిమానాతో పోతుందన్నా, రోడ్డు తవ్వితే 326, ఐదేళ్ళ దాకా జైలు, అప్పుడు నీ పాస్‌పోర్టు సంగతి చూసుకో అన్నాడు. మా వైపు కుర్రాళ్ళకి జైలంటే భయం లేదు గానీ పాస్‌పోర్టు అనేసరికి గునపాలు కింద పెట్టేశారు.

తర్వాత నెల్లాళ్ళూ ఆఫీసుల చుట్టూ తిరగడంతో సరిపోయింది, అది అందరికీ తెలిసిన కథే కాబట్టి రెండు ముక్కల్లో తేలుస్తాను. గట్టు ఒక శాఖది. గట్టు మీద తారు ఇంకో శాఖది. గట్టు కింద తూము మళ్ళీ మొదటి శాఖది, కానీ తూము మీద వాల్చిన శ్లాబు రెండో శాఖ వాళ్ళు వేశారట. ఒకాయన నాతో "రోడ్డు మాది కాదండి, రోడ్డు కింద గట్టు మాది" అన్నాడు, నవ్వకుండా. రిపేరు అడిగితే నిధులు లేవు. లారీలు ఆపమంటే అధికారం లేదు. చివరికి చిన్న ఇంజినీరు ఒకాయన, ఇంకా ఉద్యోగంలో కొత్త, స్కూటరు మీద మాతోపాటు వచ్చి రోడ్డంతా చూశాడు. తూము దగ్గర ఆగి కిందకి దిగి, వంగి చూసి, పైకొచ్చి చేతులు దులుపుకుని చెప్పాడు: "రోడ్డు సంగతి వదిలేయండి. ఇది దిగిపోతే మీకు గట్టే తెగుతుంది."

ఇటుకతో సున్నంతో కట్టిన పాతకాలం తూము అది, కాలవలోంచి చేలకి నీళ్ళు తీసుకెళ్తుంది. కమాను మధ్యలో ఇటుకలు జారాయి. పిట్టగోడ ఒక పక్క ఎప్పుడో కాలవలో పడిపోయింది. బాగుచెయ్యాలంటే కాలవలో నీళ్ళుండకూడదు, అంటే వేసవిలో కాలవలు కట్టేసినప్పుడే. సార్వా అయ్యాక దాళ్వాకి, అంటే రెండో పంటకి, నీళ్ళు వదులుతారు, అవి ఏప్రిల్ దాకా ఆపరు. కాబట్టి డబ్బు ఈ రోజే వచ్చినా పని ఏప్రిల్ తర్వాతే. ఈ ఆరు నెలలూ ఆ తూము మీద పద్దెనిమిది టన్నులు ఎక్కకుండా చూసుకోవడం తప్ప చేసేది లేదు.

అప్పుడు తట్టింది నాకు. అంటే, నాకు తట్టిందని చెప్పుకుంటున్నాను గానీ బాబాయి ఆ మాట అనకపోతే తట్టేది కాదు. మేం దుంగలు పెట్టింది రోడ్డు మొదట్లో. మొదట్లో మూస్తే పనున్న బండీ ఆగిపోతుంది, పనిలేని బండీ ఆగిపోతుంది. అదే మధ్యలో, తూము దగ్గర మూస్తే? ఈ చివర్నుంచి ఊళ్ళోకి రావచ్చు. ఆ చివర్నుంచి చెరువుల దగ్గరికి రావచ్చు. ఏ ఇంటికీ, ఏ చేనుకీ దారి పోదు. ఇటు దూరి అటు తేలడం ఒక్కటే కుదరదు. పనిలేని బండికి కావలసింది సరిగ్గా ఆ ఒక్కటే. వాడికి మా ఊరు అక్కర్లేదు, మా ఊరి అవతలి చివర కావాలి. అది తీసేస్తే వాడంతట వాడే రాడు, మనం ఎవరితోనూ పోట్లాడక్కర్లేదు, ఎవరి లారీ ఎక్కడికి పోతోందని అడగక్కర్లేదు. ఫోన్లో మ్యాప్ కూడా కొన్నాళ్ళకి నేర్చుకుంటుంది.

అదీ పూర్తిగా మూసెయ్యక్కర్లేదు. రెండు సిమెంటు దిమ్మెలు, మధ్యలో 2.2 మీటర్ల సందు. ఆటో, కారు, 108 పడతాయి. లారీ పట్టదు. బస్సు పట్టదు, అది ఊళ్ళోకి వచ్చి గుడి దగ్గర తిరిగి వెనక్కి పోతుంది, ఎలాగూ అక్కడే తిరుగుతుంది. కోతమిషన్ పట్టదు, అది ఏ చేనుకి పోవాలో ఆ చివర్నుంచి రావాలి. ఒక దిమ్మె పక్కన తీసేసే ఇనప గేటు, తాళం. ఫైరింజను లాంటిది రావాలంటే తియ్యడానికి, వచ్చినప్పుడు తూము తట్టుకుంటుందా అన్నది వేరే దిగులు.

చట్టంలో దీనికి దారి ఉందని చిన్న ఇంజినీరు గారే చూపించారు. మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్. ప్రజల భద్రత కోసం గానీ, రోడ్డు, వంతెన ఉన్న తీరుని బట్టి గానీ ప్రభుత్వమో, ప్రభుత్వం అధికారం ఇచ్చిన వాళ్ళో కొన్నిరకాల బళ్ళని ఒక రోడ్డు మీద ఆపెయ్యొచ్చు. నెల లోపైతే గెజిట్లో వెయ్యనక్కర్లేదు, స్థానికంగా అందరికీ తెలిసేలా చెప్తే చాలు. నెల దాటితే గెజిట్ నోటిఫికేషన్ ఉండాలి, బోర్డులు పెట్టాలి. అంటే అధికారం లేదన్న మాట అబద్ధం, అధికారం ఉంది, అది ఎవరి టేబుల్ మీద ఉందో చూసుకోవడమే తక్కువ. ఊరివాళ్ళం నూట డెబ్భై మందిమి సంతకాలు పెట్టి, తూము ఫోటోలు జత చేసి పంపాం. ఫోటోల్లో కమాను కిందనించి తీసింది బాగా పనిచేసిందనుకుంటాను, దాన్లో పైన లారీ చక్రం, కింద వేలాడుతున్న ఇటుక ఒకేసారి పడ్డాయి. ఆ ఫోటో తియ్యడానికి నేను కాలవలో నడుములోతు నీళ్ళల్లో ముప్పావుగంట నించున్నాను, జలగ పట్టింది, అది కూడా రికార్డు కోసం రాస్తున్నాను.

పంచాయతీలో మీటింగ్ పెట్టినప్పుడు గొడవ అవుతుందనుకున్నాం, అయింది. చెరువుల వాళ్ళ భయం న్యాయమైనదే. రొయ్యల పట్టుబడి రాత్రిపూట, లారీ వేళకి రాకపోతే సరుకు పోతుంది, కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) మీద నడిచే బేరం, గంట ఆలస్యం అంటే వేలల్లో తేడా. తూముకి అవతల చెరువులున్న వాళ్ళకి ఇకమీద లారీ ఆ చివర్నుంచే రావాలి, ఆ చివర రోడ్డు మనదానికన్నా కొంచెమే నయం, పైగా అది పక్క ఊరివాళ్ళది. వాళ్ళు మాత్రం ఎందుకు ఒప్పుకుంటారు? ఇక్కడ నా దగ్గర మంచి జవాబు లేదు. మన గోతి వాళ్ళకి పంపిస్తున్నామా అని పక్క ఊరి సర్పంచి గారు సూటిగా అడిగారు. పనిలేని బళ్ళు ఆ చివర్న కూడా తగ్గిపోతాయి కదండీ, మీకూ లాభమే అన్నాం. అది నిజమే. కానీ మా చెరువుల లారీలు కొన్ని వాళ్ళ మీద పడతాయన్నదీ నిజమే. రెండూ ఒప్పుకున్నాకే మాట ముందుకెళ్ళింది.

ఆ రోజు ఒక పెద్దాయన ఇంకో మాటన్నాడు. "ఇయ్యాళ తూము అంటారు, రేపు తూము బాగయ్యాక తీస్తారా? మూసిన దారి తెరిచినోణ్ణి నేను చూళ్ళేదు." సికింద్రాబాద్ కంటోన్మెంటులో సైన్యం రోడ్లు మూసేసిన గొడవ గుర్తొచ్చింది నాకు. అక్కడ కారణం వేరు, భద్రత. మల్కాజిగిరి, సైనిక్‌పురి వైపు జనం ఏళ్ళ తరబడి చుట్టూ తిరిగారు, కోర్టులకెక్కారు, 2018 మేలో రక్షణ శాఖ తెరవమంటే గానీ కదల్లేదు, ఆ తర్వాత కూడా మళ్ళీ మూస్తారని పుకార్లు వస్తూనే ఉన్నాయి. నేను అప్పట్లో హైదరాబాద్‌లోనే ఉద్యోగం చేసేవాణ్ణి, దారులు మూసే వాళ్ళని ఫేస్‌బుక్‌లో బాగానే తిట్టాను. ఇప్పుడు నేనే తాళం కావాలంటున్నాను. అందుకే పెద్దాయన మాట కాగితం మీద పెట్టించాం: తూము పని అయిన రోజు దిమ్మెలు తీసెయ్యాలా ఉంచాలా అన్నది మళ్ళీ గ్రామసభే తేల్చాలి, అంతదాకా వాటి మీద ఎవరికీ హక్కు లేదు. నా మటుకు నాకు ఉంచాలనే ఉంది. పనిలేని బళ్ళు లేకపోతే ఈ రోడ్డు తక్కువ ఖర్చుతో ఇంకో పదేళ్ళు బతుకుతుంది, అవి ఉంటే ఎంత పోసినా రెండు వానలు. కానీ ఆ మాట అప్పుడు అనలేదు.

డిసెంబరు మొదటి వారంలో నెల రోజుల ఉత్తర్వు వచ్చింది. గెజిట్ ఫైలు విడిగా నడుస్తోంది. ఊళ్ళో దండోరా వేశారు, దానికన్నా ముందు వాట్సాప్‌లో వచ్చేసింది. హైవే దగ్గర బోర్డు పెట్టారు, "భారీ వాహనములకు ప్రవేశము లేదు, ముందు తూము శిథిలము" అని. శిథిలము అన్న మాట మా అమ్మకి భలే నచ్చింది, తన మోకాలు గురించి కూడా ఇప్పుడు అలాగే చెప్తోంది. దిమ్మెలు దించిన రోజు 108 డ్రైవరుని అడిగి ఖాళీ బండి ఒకసారి నడిపించాం. రెండు పక్కలా జానెడు కూడా లేదు, అద్దాలు మడిచి మెల్లగా తెచ్చాడు, దాటగానే కుర్రాళ్ళు ఈల వేశారు. సంక్రాంతికి మా వైపు కార్లు ఏ లెక్కన వస్తాయో మీకు తెలుసు, ఆ మూడ్రోజులూ దిమ్మెలకి ఎన్ని గీతలు పడతాయో చూడాలి.

మొదటి వారం రాత్రుళ్ళు లారీలు వచ్చి, దిమ్మెల దాకా వెళ్ళి, తిప్పడానికి చోటులేక కిలోమీటరు రివర్సులో వచ్చేవి. ఆ బీప్ బీప్ వింటూ పడుకునేవాళ్ళం. రెండో వారానికి తగ్గాయి. ఇప్పుడు రాత్రి కాలవలో నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది, కప్పలు కూడా, అవి అంత అరుస్తాయని మర్చిపోయాను.

గేటు తాళం చెవులు రెండు. ఒకటి పంచాయతీ ఆఫీసులో, రెండోది తూముకి దగ్గర ఇల్లని మా ఇంట్లో, క్యాలెండరు మేకుకి తగిలించి ఉంది. నాలుగు రోజుల కింద రాత్రి పన్నెండున్నరకి ఫోను. బాబాయి కొడుకు, నాకు తమ్ముడు, తూముకి అవతల వాడివి ఆరెకరాల చెరువులు. పట్టుబడి అయింది, లారీ పొరపాటున ఇటువైపు వచ్చేసింది, లోడుకి పోవాలి, చుట్టూ తిరిగొస్తే ఐసు కరిగిపోతుంది, ఒక్కసారి గేటు తియ్యి అన్నయ్యా అన్నాడు. ఖాళీ లారీయే కదా ఇప్పుడు, బరువు లేదు కదా అన్నాడు. లోడు చేశాక ఎటు పోతుందిరా అని అడిగాను. ఇటే, మళ్ళీ ఒక్క నిమిషం తీస్తే చాలు అన్నాడు. వీడికి ఊళ్ళో పనుంది, ఎవరికన్నా ఎక్కువ పనుంది. నేను తియ్యలేదు. మంచం దిగి, తాళం చెవి చేతిలోకి తీసుకుని, మళ్ళీ మేకుకి తగిలించాను. వాడు అప్పట్నుంచీ నాతో మాట్లాడటం లేదు. బాబాయి మాత్రం మర్నాడు పొద్దున్నే వచ్చి అరుగు మీద కూచున్నాడు, చుట్ట సగం కాలాక, "తాళం చెవి పంచాయతీలోనే రెండూ పెట్టించరా, ఇంట్లో వద్దు" అన్నాడు.